నాన్నగారి లెక్క కూడా రాయండి

ప్రశ్న: మేడమ్, మాది రాజమండ్రి. వయసు 31. ఉద్యోగం చేసుకుంటూనే రెండేళ్లుగా ఒక స్క్రీన్‌ప్లే రాస్తున్నాను. 37 ఏళ్లు కాపురం చేసిన జంట కథ. ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఉద్యోగి, ఆమె ఇంట్లోనే ఉంటుంది. ఒకే కప్పు కింద బతుకుతారు కానీ అవసరానికి తప్ప మాట్లాడుకోరు. 112 పేజీలు పూర్తయ్యాయి. చదివిన నలుగురు స్నేహితులూ ఒకటే మాట అన్నారు, భర్త విలన్‌లా ఉన్నాడు, భార్య దేవతలా ఉంది, ఇంటర్వెల్ రాకముందే విసుగొచ్చింది అని. నెట్‌లో దొరికిన క్యారెక్టర్ ప్రశ్నావళి ముందు పెట్టుకుని ఇష్టమైన రంగు నుంచి చిన్నప్పటి భయాల దాకా 60 ప్రశ్నలకు జవాబులు రాశాను, అయినా ఇద్దరికీ ప్రాణం రావడం లేదు. దాచడం ఎందుకు, ఇది మా అమ్మానాన్నల కథే (నాన్నది వేరే ఉద్యోగం, సినిమా కోసం మార్చాను). పాత్రలకు లోతు ఎలా తేవాలి? వయసు మళ్లిన జంట కథ ఎవరు చూస్తారన్న భయం కూడా ఉంది. స్క్రిప్టు జత చేస్తున్నాను, ముఖ్యంగా 14వ పేజీలోని భోజనం సీన్ చూడండి.

సమాధానం: మీ ఉత్తరం, జత చేసిన స్క్రిప్టు, రెండూ రెండేసి సార్లు చదివాను. అసలు సంగతి మీరే చెప్పేశారు, ఉత్తరం చివర్లో, కాస్త మొహమాటపడుతూ. ఇది మీ అమ్మానాన్నల కథ. అందులో తప్పేమీ లేదు, చాలా మంచి కథలు ఇంట్లోంచే పుడతాయి. చిక్కెక్కడంటే, మీ చేతిలో ఉన్నది మీ అమ్మగారి కథ ఒక్కటే. చిన్నప్పటి నుంచి వంటింట్లో ఆవిడ పక్కన కూర్చుని, కూరలు తరుగుతూ ఆవిడ చెప్పినవన్నీ విని ఉంటారు. అత్తగారు ఏమన్నారో, ఏ పండక్కి చీర కొనలేదో, ఎప్పుడు జ్వరంతో పడుకుంటే ఆయన పట్టించుకోకుండా ఆఫీసుకు వెళ్లిపోయారో. నాన్నలు అలా కూర్చుని చెప్పరు, ముఖ్యంగా ఆ తరం వాళ్లు. దాంతో మీ స్క్రిప్టులో ఆమెకు 37 ఏళ్ల జ్ఞాపకాలున్నాయి, ఆయనకు చేష్టలు తప్ప ఏమీ లేవు. వస్తాడు, కసురుతాడు, కంచం విసిరేస్తాడు, పోతాడు.

మీ 14వ పేజీ మళ్లీ తీసి చూడండి. కెమెరా మొదటి నుంచి చివరిదాకా పొయ్యి దగ్గరే నిలబడింది. ఆమె మోకాలి నొప్పితో లేవడం, పప్పు మెదపడం, కిటికీలోంచి చూడటం అర పేజీ ఉంది. ఆయన ఎక్కడి నుంచి వచ్చాడు, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగింది, చెప్పులు విప్పేటప్పుడు ఏం ఆలోచిస్తున్నాడు అన్నది ఒక్క లైను కూడా లేదు. మీరు ఆయన్ని ద్వేషిస్తున్నారని నేను అనను. ఆయన వైపు ఎప్పుడూ కూర్చోలేదు, అంతే.

ఆ 60 ప్రశ్నల కాగితం పక్కన పడేయండి. ఎందుకంటే అది ఒంటరి మనిషికి వేసే ప్రశ్నావళి. 37 ఏళ్లు కలిసి బతికాక ఎవరి స్వభావం ఎవరిదో విడదీయడం కుదరదు. ఈయన మాట్లాడడని ఆవిడ రెట్టించి రెట్టించి అడుగుతుంది, ఆవిడ రెట్టిస్తోందని ఈయన ఇంకా నోరు మూసుకుంటాడు. ముందు ఎవరు మొదలుపెట్టారని అడిగితే ఇద్దరూ నిజాయితీగానే అవతలివాళ్ల పేరు చెప్తారు. కాబట్టి భర్తకొక కాగితం, భార్యకొక కాగితం కాదు, ఇద్దరికీ కలిపి ఒకటే నోటుబుక్కు పెట్టండి. తెరిస్తే ఎదురెదురుగా రెండు పేజీలు ఉంటాయి కదా, ఎడమవైపు ఆమె, కుడివైపు ఆయన. ఒకే సంఘటన, రెండు లెక్కలు. ఇలాంటివి ఒక పది దొరికితే మీ పాత్రలు తయారైనట్టే, నేను స్క్రిప్టులు రాసినా చదివినా ఇంతకంటే పనికొచ్చే పద్ధతి నాకు కనబడలేదు.

ఎలాగో ఒకటి చేసి చూపిస్తాను. మీ కథ గోదావరి గట్టు మీద ఉంది కాబట్టి మీకు 1986 ఆగస్టు వరద కంటే మంచి సంఘటన దొరకదు. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 35 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు పోయాయి, గట్లు తెగాయి, నది మధ్య లంకలు మునిగాయి. మీ జంటకు 1985 మేలో పెళ్లయిందనుకుందాం. ఏడాది తిరిగాక తొలి కాన్పు, పుట్టింటికి వెళ్లింది. పుట్టిల్లు కోనసీమలో ఒక లంక ఊరు. ఆయన వయసు 24, కొత్త ఉద్యోగం, డ్యూటీ గట్టు మీద.

ఇప్పుడు ఎడమ పేజీ రాయండి. అర్ధరాత్రి వాకిట్లోకి నీళ్లొచ్చాయి. నొప్పులు మొదలయ్యాయి. అన్నయ్య పడవ తెచ్చాడు, గొడుగు పట్టింది మంత్రసాని, దీపం ఆరిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి తెల్లారింది. ఆయన వచ్చింది ఆరో రోజున. గుమ్మంలో నిలబడి మొదట అడిగిన మాట 'పాపా, బాబా?' అని. ఎలా ఉన్నావు అని అడగలేదు. చేతిలో అరటిపళ్లు ఉన్నాయి, సగం నలిగిపోయినవి. ఆమె 36 ఏళ్లుగా ఆ అరటిపళ్లు మర్చిపోలేదు, ఇప్పటికీ నలిగిన అరటిపండు చూస్తే పక్కన పెట్టేస్తుంది, ఎందుకో పిల్లలకు తెలియదు.

కుడి పేజీ. గట్టు మీద మూడు రాత్రులు నిద్ర లేదు. ఇసుక బస్తాలు మోసినవాళ్లతో కలిసి మోశాడు. ఫలానా వైపు గట్టు తెగిందట అని ఎవరో అంటే, అది ఆమె ఊరి వైపు. పై అధికారి దగ్గరికి వెళ్లి పంపమని అడిగాడు. చేతులు పట్టుకున్నాడు. ఆ అధికారి అరిచాడు, 'నీ ఒక్కడికే పెళ్లాముందా ఇక్కడ' అని, అందరి ముందూ. వెనక్కొచ్చి మళ్లీ బస్తా ఎత్తాడు. నీళ్లు తగ్గాక బయల్దేరి, రోడ్డు కోసుకుపోయిన చోట దిగి నడిచి, పడవెక్కి, మళ్లీ నడిచి వచ్చాడు. దారిలో ఒకచోట అమ్ముతుంటే ఉన్న డబ్బులతో పళ్లు కొన్నాడు. 'పాపా, బాబా' అని అడిగాడో లేదో ఆయనకు గుర్తే లేదు. ఆయనకు గుర్తున్నదల్లా మంచం మీద ఆమె కళ్లు తెరిచి ఉండటం, బతికే ఉంది అనుకోవడం. బతిమాలిన సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, అందరి ముందూ తిట్లు తిన్న సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది కాబట్టి.

ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్తున్నారు? ఎవరూ చెప్పడం లేదు. ఆమెకు అది తనను వదిలేసిన రాత్రి, ఆయనకు అది బతుకులో తాను పనికొచ్చిన మూడు రాత్రులు. ఈ రెండు పేజీలు రాశాక మీరు ఆయన్ని విలన్‌గా రాయాలనుకున్నా చేతకాదు, ప్రయత్నించి చూడండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది రాయగానే మీకు ఫ్లాష్‌బ్యాక్ తీయాలనిపిస్తుంది, వాన, పడవ, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. వద్దు. ఖర్చు గురించి కాదు నేను చెప్పేది. ఫ్లాష్‌బ్యాక్ తీస్తే ప్రేక్షకుడికి 'నిజంగా జరిగింది ఇదీ' అని తేల్చి చెప్పినట్టవుతుంది, మీ కథకు కావలసింది తేలకపోవడం. దానికి బదులు ఇద్దరి చేతా ఒక్కోసారి చెప్పించండి, వేరే వేరే వాళ్లకు, వేరే వేరే చోట్ల. ఆమె కోడలికి చెప్తుంది, కరివేపాకు దూస్తూ, ఏదో మామూలు విషయంలా. ఆయన గట్టు మీద ఒక కుర్ర ఇంజనీరుకు చెప్తాడు, టీ తాగుతూ. ఆమె చెప్పింది 25వ పేజీలో, ఆయన చెప్పింది 70వ పేజీలో. రెండూ విన్నది ప్రేక్షకుడు ఒక్కడే. ఆ ఇద్దరూ ఒకరిది ఒకరు ఎప్పటికీ వినకపోయినా ఫరవాలేదు, హాల్లో కూర్చున్నవాడికి లేచి వెళ్లి చెప్పాలనిపిస్తే చాలు.

ఇంకో సంఘటన, డబ్బుది, ఎందుకంటే మన ఇళ్లల్లో డబ్బు లేని పాత గొడవ ఉండదు. పెళ్లి 1985 మే అన్నాను కదా, ఆ నెల ఊరికే పెట్టలేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో పాటు వాటా ఇచ్చింది. చట్టం 1986లో వచ్చినా 1985 సెప్టెంబర్ 5 నుంచే అమల్లోకి తెచ్చారు, కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు. అంటే మీ కథలో ఆమెకు నాలుగు నెలల తేడాలో చేజారిపోయింది. 1988లో పెళ్లయిన చెల్లెలికి వాటా ఉంది. 1996లో అన్నదమ్ములు పంపకాలు చేసుకుని రిజిస్టర్ చేయించుకున్నారనుకోండి, చెల్లెలికి ఎకరం వచ్చింది, అక్కకు పట్టుచీర పెట్టి పంపారు. 2005లో కేంద్రం చట్టం మార్చి పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ హక్కు ఇచ్చింది, అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైపోయిన పంపకాల జోలికి అది పోదు. రెండోసారీ చేజారింది.

ఆ పంపకాల రోజు ఆయన ఏం చేశాడు? మీరు తేల్చుకోవాల్సింది ఇదే. చెల్లెలి భర్త నడవాలో నిలబడి గట్టిగా మాట్లాడుతుంటే, మన ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుకున్నాడనుకుందాం. ఆమె లెక్కలో: నా తరఫున నిలబడేవాడే లేడు. ఆయన లెక్కలో: అత్తవారి సొమ్ముకు ఆశపడ్డాడన్న మాట నా మీద రాలేదు, అది నా మర్యాదే కాదు ఆమె మర్యాద కూడా. చట్టం ప్రకారం ఆమెకు అప్పుడు వాటా లేదు కాబట్టి మాట్లాడినా ఏమీ వచ్చేది కాదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆమె బాధ ఎకరం కోసం కాదు. ఇలాంటి చోట చరిత్ర, చట్టం, తేదీలు పాత్రను తయారుచేస్తాయి, వాటిని వెతకడానికి బద్ధకించకండి.

ఇక మాటల గురించి. మీ డైలాగుల్లో నాకు అన్నిటికంటే పెద్ద లోపం అనిపించింది ఏమిటంటే, ఇద్దరూ ఒకరితో ఒకరు పూర్తి వాక్యాల్లో పోట్లాడుకుంటున్నారు. 'మీరు నన్ను ఎప్పుడైనా అర్థం చేసుకున్నారా' లాంటివి 11 చోట్ల ఉన్నాయి. చెడిన కాపురంలో తెలుగు అలా ఉండదు. మన భాషలో కర్త లేకుండా వాక్యం నడుస్తుంది, ఎడమొహం పెడమొహంగా ఉన్న దంపతులకు అది పెద్ద ఆసరా. 'తింటే తీసేస్తాను.' 'కరెంటు బిల్లు వచ్చింది.' 'గేటు వేసినట్టు లేదు.' ఎవరితో అంటున్నారు? గాలితో. నువ్వు అనక్కర్లేదు, మీరు అనక్కర్లేదు, పేరు అసలే అక్కర్లేదు. పిల్లలు ఇంట్లో ఉన్నంతకాలం 'మీ నాన్నని భోజనానికి రమ్మను', 'మీ అమ్మనడుగు తాళం ఎక్కడ పెట్టిందో' అని పిల్లల మీదుగా మాట్లాడుకున్నారు, ఇద్దరూ అదే గదిలో ఉండగా. పిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోయాక మధ్యలో మనిషి లేడు. మొదటి వారం వాళ్లెలా మాట్లాడుకున్నారో ఒక సీన్ రాయండి. పనిమనిషి ద్వారానా, మనవడితో వీడియో కాల్‌లోనా, లేక సగం మాట అని ఆగిపోయారా?

పిలుపులు కూడా చూసుకోండి. పెళ్లయిన కొత్తలో 'ఏవండీ' అన్న మనిషి ఏ సంవత్సరంలో మానేసింది? ఇప్పుడు ఫోన్లో అక్కతో మాట్లాడేటప్పుడు 'ఆయన' అంటుందా, 'ఈయనగారు' అంటుందా, 'ఈ మనిషి' అంటుందా? 'వచ్చారు, తిన్నారు' అనే మనిషి నోట్లో ఒక్కసారి 'వచ్చాడు' పడితే ఇల్లు కూలినంత పని, మీ ప్రేక్షకులకు దాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన సంగతికొస్తే, గోదావరి జిల్లా మనిషి కదా, పై అధికారి ఫోన్ చేస్తే నిలబడి నాలుగుసార్లు 'ఆయ్, ఆయ్' అంటాడు. ఫోన్ పెట్టేశాక ఆమె కాఫీ ఇక్కడ పెట్టాను అంటే 'ఊ' కూడా అనడు. ఆ రెండూ ఒకే సీన్‌లో, ఒక్క కట్ లేకుండా ఉండాలి.

మీ స్క్రిప్టులో అసలు లేనిదొకటి చెప్తాను. వీళ్లు ఎందుకు పోట్లాడుకుంటున్నారో 112 పేజీల్లో ఉంది, ఎందుకు ఇంకా ఒకే ఇంట్లో ఉన్నారో ఒక్క పేజీలోనూ లేదు. సమాజం, పరువు, పిల్లల పెళ్లిళ్లు అంటారా, అవి నిజమే, కానీ పిల్లల పెళ్లిళ్లయిపోయాయి. మా అత్తయ్య, మావయ్య తెనాలిలో ఉండేవాళ్లు. పదేళ్లకు పైగా ముఖాముఖి మాట్లాడుకోగా ఎవరూ చూడలేదు. ఒక సంక్రాంతికి వెళ్లి నాలుగు రోజులున్నాను. అత్తయ్యకు కీళ్లవాతం, వేళ్లు వంకర తిరిగిపోయాయి, మాత్రల స్ట్రిప్పు నొక్కి తీయలేదు. మావయ్య రోజూ సాయంత్రం కాఫీ తాగాక బల్ల మీద స్ట్రిప్పులు పరిచి, బొటనవేలితో ఒక్కొక్కటీ తీసి హార్లిక్స్ సీసా మూతలో వేసేవాడు. రాత్రివి రెండు, పొద్దున్నవి మూడు, పొద్దున్నవి వేరే మూతలో. ఆ మూతలు తీసుకెళ్లి పొయ్యి గట్టు చివర పెట్టి ఏమీ అనకుండా వచ్చేసేవాడు. ఆవిడ వేసుకుని, మూతలు కడిగి, బోర్లించి మళ్లీ ఆయన బల్ల మీద పెట్టేది. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా అది తప్పలేదు, ఒక్కసారి కూడా ఒకరి మొహం ఒకరు చూడలేదు. అది ప్రేమేనా అని నన్నడగొద్దు, నాకిప్పటికీ తెలియదు. కానీ ఆయన పోయినప్పుడు చుట్టాలందరూ వెళ్లిపోయాక ఆవిడ నా చేతికి స్ట్రిప్పు ఇచ్చి 'ఇది తీసిపెట్టవే' అని ఏడ్చింది, అప్పటిదాకా ఏడవలేదు. మీ జంటకు అలాంటిది ఒకటి వెతకండి, అలవాటుగా చేసే చిన్న పని, ఆగిపోతే అవతలి మనిషి దినచర్య కుంటుపడేది. దాన్ని డైలాగులో ఎక్కడా ప్రస్తావించకండి.

కోపం కంటే చులకనను ఎక్కువ గమనించండి. అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే మానసిక శాస్త్రవేత్త దంపతులను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమని, వాళ్లను వీడియో తీసి ఏళ్ల తరబడి పరిశీలించాడు. నిందించడం, చులకన చేయడం, తప్పు తనది కాదని సమర్థించుకోవడం, గోడలా బిగుసుకుపోవడం, ఈ నాలుగూ కాపురాన్ని చెడగొట్టేవని, నాలుగింటిలో చులకన అన్నిటికంటే ప్రమాదమని ఆయన అంటాడు. మన ఇళ్లల్లో చులకన నవ్వుతూ వస్తుంది, అదీ చుట్టాల ముందు. 'ఈయనకి బ్యాంకులో ఫారం నింపడం కూడా రాదండీ, గట్లు మాత్రం కాపాడతారు.' అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. అరుపులున్న సీన్లు సగం తీసేసి, ఇలాంటివి రెండు పెట్టండి. అదే గాట్‌మన్ కొత్త దంపతులను గమనించి ఆరేళ్ల తర్వాత మళ్లీ చూశాడు. 'అదిగో చూడు' లాంటి చిన్న పిలుపులకు అవతలివాళ్లు స్పందించడం కలిసి ఉన్న జంటల్లో నూటికి 86 సార్లు కనిపించింది, విడిపోయిన జంటల్లో 33 సార్లే. 33 అంటే సున్నా కాదు, మీకు కావలసింది ఆ మిగిలిన కాస్తే. 'వాన వచ్చేటట్టుంది' అని ఆమె గాలితో అంటే, పది నిమిషాల తర్వాత ఆయన లేచి మేడ మీద బట్టలు తీసుకొచ్చాడా లేదా?

మరి కథ ఇవాళే ఎందుకు మొదలవ్వాలి? 37 ఏళ్లు ఇలాగే గడిచింది కదా. మీ డ్రాఫ్టులో పెళ్లిరోజు ఫంక్షన్ పెట్టారు, అది ఎవరైనా పెడతారు. మీ చేతిలో ఇంతకంటే గట్టిది ఉంది. ఆయన 1962 జనవరిలో పుట్టాడనుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60 అయింది, 2022 జనవరి 1 నుంచి 62 అయింది. అంటే జనవరి నెలాఖరుకు రిటైర్ కావలసిన మనిషికి ఉన్నట్టుండి రెండేళ్లు కలిసొచ్చాయి. ఆయన పూతరేకులు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఆమె మొహంలో ఏముంది? ఇంట్లో 24 గంటలు ఈ మనిషితో ఎలాగా అని లోపల్లోపల భయపడి, ఇప్పుడు ఊపిరి పీల్చుకుందా? లేక రిటైరైతే కాశీకి, కూతురి దగ్గరికి, ఎక్కడికో అక్కడికి వెళ్దామని ఆయన ఎప్పుడో 2010లో అన్న మాట పట్టుకుని కూర్చుందా? రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, ఉంటే మరీ మంచిది.

ఆ ఏడాది జులైలోనే గోదావరి మళ్లీ వచ్చింది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు, 1986 తర్వాత అంత ఎత్తు అదే, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వయసు పెంచకపోతే ఆయన ఆ జులైలో ఇంట్లో ఉండేవాడు. పెంచారు కాబట్టి 60 ఏళ్ల వయసులో మళ్లీ అదే గట్టు మీద ఉన్నాడు, ఆమె మళ్లీ ఒంటరిగా ఉంది. చూడండి, కథ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడికి పోవాలో తేదీలే చెప్తున్నాయి. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 37 ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్న మనిషికి ఆ అంకెలు ఆయనతో సమానంగా తెలుసు. టీవీలో రెండో హెచ్చరిక అని రాగానే ఎవరూ అడక్కుండానే ఆమె లేచి సంచి సర్దుతుంది: రెయిన్‌కోటు, టార్చి, బీపీ మాత్రలు, రెండు జతల బట్టలు. ఆయన వచ్చేసరికి సంచి గుమ్మం పక్కన ఉంటుంది. తీసుకుని వెళ్లిపోతాడు. ఆ సంచిలో ఈసారి కొత్తగా ఏముందో, లేదా ఎప్పుడూ ఉండేది ఏది లేదో మీరు ఆలోచించండి. అది నేను చెప్పేస్తే మీ కథ నాదైపోతుంది.

పిల్లల పాత్రలు తగ్గించండి. మీ డ్రాఫ్టులో కొడుకు నాలుగుసార్లు తండ్రికి లెక్చరిచ్చాడు, అది మీరే, అందరికీ తెలిసిపోతోంది. విడాకుల లాయరు సీను కూడా తీసేయండి, ఆ ఇద్దరూ అక్కడిదాకా వెళ్లే మనుషులు కారు.

ఇప్పుడు కష్టమైన మాట. మీ నాన్నగారి దగ్గర కూర్చోండి. సినిమా కోసమని చెప్పే కూర్చోండి, దాచిపెట్టి అడిగితే తర్వాత తెలిసినప్పుడు ఆయన ఇంకో గోడ కట్టుకుంటారు. అమ్మ గురించి అడగొద్దు. 86 వరదప్పుడు ఎక్కడున్నారు నాన్నా అని అడగండి, రాజమండ్రిలో ఆ వయసు వాళ్లెవరికైనా దానికి జవాబు ఉంటుంది, చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో మాట్లాడకండి. మొదటి జీతం ఎంత, ఎవరి చేతిలో పెట్టారు, ఉద్యోగంలో ఎవరు అవమానించారు. జవాబు రాకపోతే ఊరుకుని మర్నాడు మళ్లీ కూర్చోండి. అలాగే అమ్మగారిని, మీరు ఎప్పుడూ అడగనిది అడగండి: ఆయన చేసిన వాటిలో ఇంతవరకు ఎవరికీ చెప్పని మంచి ఏమైనా ఉందా అని. ఆవిడ కాసేపు ఆగుతారు. ఆ ఆగిన తీరు రాసుకోండి, జవాబు కంటే అదే ముఖ్యం. ఇద్దరు చెప్పినవీ ఒకరివి ఒకరికి చేరవేయకండి, మీరు రాజీ కుదర్చడానికి కాదు వెళ్లింది. విన్నవి యథాతథంగా స్క్రిప్టులో పెట్టొద్దు, వాళ్లు బతికున్న మనుషులు, రేపు థియేటర్లో పక్కింటివాళ్లు కూడా కూర్చుంటారు. అందుకే వరద, లంక, ఎకరం లాంటి కల్పన కావాలి. లోపలి బాధ వాళ్లదే ఉంచి, పైన జరిగేవి మార్చేయండి.

ఎవరు చూస్తారన్న భయానికి ఒక్క మాటే. 2012లో వచ్చిన 'మిథునం'లో తెర మీద ఉన్నది ఇద్దరే, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి, ఇద్దరూ వృద్ధ దంపతులుగా. జనం ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటున్నారు. అది కలిసిమెలిసి ఉన్న జంట, మీది కాదు, కాబట్టి పోలిక అక్కడితో ఆపేద్దాం. కానీ ఇద్దరు పెద్దవాళ్లు, ఒక ఇల్లు అంటే కథ సరిపోదన్న సాకు ఇక చెల్లదు.

మొత్తం స్క్రిప్టు మీద ఇప్పుడే పడకండి, ముందు 14వ పేజీ ఒక్కటే తిరగరాయండి. పప్పులో ఉప్పు తగ్గిందని కంచం విసిరే భర్తను మనం చాలాసార్లు చూసేశాం. ఇలా ప్రయత్నించండి. ఆయన మొదటి ముద్ద పెట్టుకుని ఆగాడు. ఆమె అటు తిరిగి ఉంది, కానీ ఆగడం వినబడింది. ఆయన లేచి వంటింటి అరలో ఒక డబ్బా తీశాడు, పంచదార. ఇంకోటి తీశాడు, రవ్వ. 37 ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటూ ఉప్పు ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. ఆమె చెప్పలేదు. వచ్చి కూర్చుని చప్పిడి పప్పుతోనే మొత్తం తిని, కంచం తీసుకెళ్లి తొట్టిలో పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు ఆమె గిన్నెలోంచి కాస్త వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. ఉప్పు తగ్గడం కాదు, అసలు వేయనే లేదు. మర్చిపోయిందా, కావాలనే వేయలేదా అన్నది మీకు కచ్చితంగా తెలియాలి, తెర మీద చెప్పకపోయినా సరే. ఇదే సీను ఇంకోసారి రాయండి, ఈసారి ఆయన ఆఫీసు నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది ఉంచాలో మీరే చూసుకోండి. మర్నాటి భోజనం సీన్‌లో ఉప్పు డబ్బా బల్ల మీద ఉందో లేదో కూడా తేల్చుకుని, ఆ మూడూ కలిపి నాకు పంపండి, చదువుతాను.